ప్రియెతా తాగిన నీళ్ళు

ఉదయం ఏడూ నలభైకి ఫెర్మీనా దెస్పాయ్నె మా వాకిట్లో కారు కింద వెల్లకిలా పడుకుని ఉంది. బయటికి కనిపిస్తున్నవి రెండు బూట్లే. అందులో ఒకదానికి తాడు బదులు కరెంటు తీగ కట్టి ఉంది.

"సెనైదా, పొద్దున ఇక్కడ తడి కనిపించిందా?" అని కింద నుంచే అడిగింది.

"లేదు. నాలుగింటికి చూశాను, అయిదింటికి మళ్ళీ చూశాను. బండ పొడిగా ఉంది."

"నాలుగింటికి లేచి బండలు తడిమి చూడటమేమిటమ్మా?"

"నిద్ర పడితే కదా! పిల్ల ఆ ఘాట్ రోడ్డులో కాలిపోతున్నట్టు కల. కళ్ళు మూస్తే చాలు, అదే."

కింద టార్చిలైటు వెలిగింది, ఆరిపోయింది.

ఫెర్మీనా ముప్ఫై ఏళ్ళు బస్సు డిపోలో పని చేసింది. బస్సు తగలబడినా, లోయలో పడినా, అసలు కారణం ఏమిటో వెతికి రాసేది ఆమే. ఆమె రాసింది నచ్చని పెద్దలు చాలామంది ఉన్నారు కానీ, తప్పని నిరూపించినవాడు ఒక్కడూ లేడు. రిటైరయ్యాక కూడా సాంతియాగోలో డ్రైవర్లందరూ ఆమెను ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు. వేయించిన పల్లీల పొట్లం ఒకటి ఎప్పుడూ చేతిలో ఉంటుంది. పల్లీలు అయిపోయాక ఆ కాగితమే విప్పి, దాని మీద కేసు రాసుకుంటుంది.

ఇప్పుడు ఆమె చేతికి వచ్చిన కేసు మా ప్రియెతా. యాభై మూడో సంవత్సరం నాటి అమెరికా కారు. నల్లగా ఉంటుందని మా ఆయన నెమేసియో ఆ పేరు పెట్టాడు. ముప్ఫై ఏళ్ళు దాని మీదే బోనియాతో అనే కొండ దాటించి జనాన్ని దోస్ కమీనోస్ ఊరికి చేరవేశాడు. "రెంచి తగలని ఇంజిన్ నాది" అని వీధిలో ఛాతీ విరుచుకుని చెప్పుకునేవాడు. ఆయన పోయాక రెండేళ్ళకు కాస్త తక్కువగా అది రేకుల షెడ్డులో పడుకుంది. ఎనిమిది వారాల కిందట మా అమ్మాయి యుదెల్కిస్ దాన్ని బయటికి తీసి, తండ్రి దారిలోనే నడపడం మొదలుపెట్టింది.

మొదటి రోజు నుంచే నీళ్ళు తగ్గుతున్నాయి. రోజుకు రమ్ము సీసాతో ఒకటిన్నర. కింద చుక్క ఉండదు. పొగలో ఆవిరి ఉండదు. నీళ్ళు పోస్తాం, సాయంత్రానికి ఉండవు.

ఎలీహియో మొదటి వారమే తేల్చేశాడు. అతను మెకానిక్కు, నెమేసియోకు ప్రాణ స్నేహితుడు, మా పిల్లకు బాప్తిస్మమిప్పించిన జ్ఞానతండ్రి; అది 'పద్రీనో' అని పిలుస్తుంది. "ఇంజిన్ దిమ్మ పగిలింది. పీకేయాలి. చేపల పడవ నుంచి తీసిన డీజిల్ ఇంజిన్ నా దగ్గర సిద్ధంగా ఉంది" అన్నాడు. మూడు రోజుల కిందట మళ్ళీ వచ్చి, ఈ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ఇంజిన్ పైకెత్తే ముక్కాలి, గొలుసు తీసుకుని వస్తానన్నాడు. నేను తలూపాను. నిండా ఏడుగురితో మలుపులో ఇంజిన్ ఆగిపోతే పిల్ల ఏం కావాలి? తలూపక ఏం చేస్తాను?

అది మొదలు మూడు రోజులుగా యుదెల్కిస్ నాతో మాట్లాడటం లేదు. నిన్న సాయంత్రం ఫెర్మీనాను వెంటబెట్టుకుని వచ్చింది. పన్నెండు లోపల నీళ్ళు ఎటు పోతున్నాయో ఇన్‌స్పెక్టర్ చెప్పగలిగితే వాళ్ళ నాన్న ఇంజిన్ ఉంటుంది. లేకపోతే గొలుసు దించుతారు.

ఫెర్మీనా బయటికి వచ్చి, బట్టలు దులుపుకోకుండానే యుదెల్కిస్‌ను నిలబెట్టింది.

"బయల్దేరేటప్పుడు నీళ్ళు ఎంత?"

"మూతి దాకా."

"ఎన్నింటికి?"

"ఆరుంబావు."

"అడ్డాలో ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఎంతసేపు ఉంటావు?"

"జనం నిండేదాకా. ఒక్కోసారి అరగంట."

"అప్పుడు తగ్గుతాయా?"

"లేదు. కొండ ఎక్కాకే."

"దిగేటప్పుడు?"

"తక్కువ. దాదాపు ఏమీ లేదు."

ఫెర్మీనా ఒక పల్లీ నోట్లో వేసుకుంది. "నిలబడితే పోవు, ఎక్కితే పోతాయి. మన దొంగకు కొండ గాలి ఇష్టమన్నమాట."

ఎనిమిదిన్నరకు ఎలీహియో వచ్చాడు. ముక్కాలి కాళ్ళు ఎక్కడ పాతాలో కొలుచుకోవడానికట.

"ఏం ఇన్‌స్పెక్టరమ్మా, శవం దొరికిందా?"

"బతికే ఉందయ్యా. నువ్వే ముందుగా పెట్టె చేయించుకుని తిరుగుతున్నావు."

"దిమ్మ పగిలిందని ఎనిమిది వారాలుగా మొత్తుకుంటున్నాను."

"ఎక్కడ పగిలింది?"

"లోపల."

"లోపలంటే? మా అత్తగారి కడుపులోనా?" ఫెర్మీనా ఆయిల్ పుల్ల లాగి, బొటనవేలి మీద రాసి అతని ముక్కు కింద పెట్టింది. "చూడు. తేనెలా ఉంది. నీళ్ళు కలిసిన ఆయిల్ పాలు పోసిన కాఫీలా ఉంటుంది, నీకు తెలియనిది కాదు. ఆరు ప్లగ్గులూ విప్పాను, ఆరూ పొడిగా ఉన్నాయి. పొగలో ఆవిరి లేదు. పగులు ఉందంటున్నావు కదా, వేలు పెట్టి చూపించు."

ఎలీహియో ఇంజిన్ వైపు చూశాడు. పొగ గొట్టం ఉన్న వైపు కాసేపు చూసి, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"చూపించలేను."

"చూపించలేవా, చూపించడానికి లేదా?"

"పన్నెండింటికి వస్తాను, సెనైదా" అని నాతో అని వెళ్ళిపోయాడు.

"వీడికి ఆ ఇంజిన్ మీద కన్నుంది" అంది ఫెర్మీనా. నాకూ అదే అనిపించింది. స్నేహితుడి ఇంట్లో ఇలాంటి ఆశ పుట్టిందేమిటని బాధ కూడా కలిగింది.

తొమ్మిదింటికి ఆమె నన్ను గాయాలకు పూసే ఊదారంగు మందు అడిగింది. నా దగ్గర మూడు సీసాలున్నాయి. పిల్ల ఎప్పుడు ఎక్కడ గీసుకుంటుందో అని కొని పెట్టుకున్నవే. మూడూ రేడియేటర్లో వంచేసింది. "ఇప్పుడు నీళ్ళు ఎటు పోయినా గుర్తు వదిలి పోతాయి" అంది. బండి నిలబెట్టే ఇంజిన్‌ను నలభై నిమిషాలు తిప్పారు. పైపులూ పంపూ అన్నీ చూశారు. ఎక్కడా ఊదారంగు మచ్చ లేదు. నీళ్ళు పోసింది పోసినట్టే ఉన్నాయి.

"ఇక కొండ ఎక్కాలి" అంది.

నేనూ వస్తానన్నాను. వద్దన్నా ఎక్కేదాన్నే. వెనక సీట్లో కూర్చున్నాను. నెమేసియో పోయాక ప్రియెతాలో కూర్చోవడం అదే మొదటిసారి. డ్రైవరు తలుపు అంచు మీద ఆయన మోచేయి ఆనించే చోట రంగు పోయి, ఇనుము అద్దంలా నున్నబడి ఉంది. ఇప్పుడు అక్కడ పిల్ల మోచేయి ఉంది. రెండో గేరులో ఇంజిన్ చేసే ఆ బొంగురు మోత విని పెళ్ళయిన కొత్తలో నాకు నిద్ర వచ్చేది. నేను నిద్రపోయానని ఆయన మలుపుల్లో వేగం తగ్గించేవాడు. ఆ మాట ఎవరితో చెప్పను? కిటికీ వైపు తిరిగి చేతిరుమాలుతో ముక్కు తుడుచుకున్నాను.

నాలుగో మలుపు దాటాక ఫెర్మీనా బండి ఆపించింది. పది గంటల పది నిమిషాలు. ఆమె కింద దూరి, "దొరికాడు!" అని అరిచింది.

రేడియేటర్ మెడ నుంచి సన్నటి గొట్టం ఒకటి కిందికి దిగుతుంది. నీళ్ళు మరీ ఎక్కువై పొంగినప్పుడు బయటికి పోవడానికి పెట్టిన దారి అది. దాని కొస నుంచి వెనక చక్రం దాకా బండి అడుగంతా ఊదారంగు తుంపర. పరుగు మీద పోయే నీళ్ళు గాలికి ఆరిపోతున్నాయి. నిలబడినప్పుడు ఒక్క చుక్కా పడటం లేదు. అందుకే మా బండ పొడిగా ఉంది.

తర్వాత ఆమె మూత మీద గుడ్డ వేసి విప్పింది. నేను అదిరిపడి వెనక్కి జరిగాను, యుదెల్కిస్ మాత్రం కదలలేదు. ఏమీ కాలేదు.

"విన్నారా?" అంది ఫెర్మీనా.

"ఏం వినాలి? ఏమీ వినపడలేదుగా" అన్నాను.

"అదే వినాలి. ఇంత వేడి మీద మూత తీస్తే పాములా బుస కొట్టాలి. నిట్టూర్పు కూడా లేదు. అమ్మాయ్, నీ దగ్గర లిప్‌స్టిక్ ఉందా?"

మూత లోపలి రబ్బరుకు చుట్టూ ఎర్రగా లిప్‌స్టిక్ పూసి, గట్టిగా బిగించి, మళ్ళీ విప్పింది. మెడ లోపల ఆ రబ్బరు ఆనాల్సిన అంచు మీద ఎరుపు గీత పడలేదు.

"మూత తల మీద కూర్చుంది కానీ గొంతు దాకా దిగలేదు. అర వేలు ఎడం ఉంది. బయటికి మూసినట్టే కనిపిస్తుంది, లోపల తలుపు బార్లా తెరిచి ఉంది. కొండ ఎక్కేటప్పుడు నీళ్ళు కుదుపుకి ఎగిరి ఆ గొట్టంలో పడి పోతున్నాయి." నావైపు తిరిగింది. "ఈ మూత ఈ బండిది కాదు. ఎవరు మార్చారు?"

నేను చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాను.

"సెనైదా, నిన్నే. అసలు మూత ఎక్కడ?"

"ఆయన దగ్గర ఉంది."

"ఎవరి దగ్గర?"

"నెమేసియో దగ్గర."

మా వీధిలో చీకటి పడితే ఏ కారుకూ అద్దం తుడిచే పుల్లలుండవు, పక్క అద్దాలుండవు, మూతలుండవు. ఎవరివి వాళ్ళు విప్పుకుని ఇంట్లోకి తెచ్చుకుంటారు. లేకపోతే తెల్లారేసరికి మిగలవు. మిగతావాళ్ళు సంచిలో వేసుకునేవారు. నెమేసియో మాత్రం రేడియేటర్ మూతను కుడి జేబులో పెట్టుకునేవాడు. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆయన ప్యాంట్లన్నిటికీ కుడి జేబు గుండ్రంగా చిరిగేది, నేను అతుకులు వేసేదాన్ని. చివరిసారి సూటు తొడిగినప్పుడు ఆ జేబు ఖాళీగా వేలాడుతుంటే చూడలేకపోయాను. ఆ బరువు లేకపోతే ఆయన నడక తప్పుతుందనిపించింది. పెట్టి పంపించాను. తర్వాత సంతలో రష్యా బండి మూత ఒకటి దొరికితే తెచ్చి బిగించాను. చక్కగా తిరిగింది. సరిపోయిందనే అనుకున్నాను.

"అమ్మా!" యుదెల్కిస్ కళ్ళు పెద్దవి చేసింది. "రేడియేటర్ మూతను నాన్నతో పాటు పాతిపెట్టావా?"

"కొట్టు తల్లీ, కొట్టు. నేనే దొంగను."

పిల్ల కొట్టలేదు. రోడ్డు పక్కన రాయి మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. మూడు రోజుల తర్వాత నవ్వింది. నవ్వి నవ్వి, చివరికి నా నడుము పట్టుకుని ఏడ్చింది. "కుడి జేబులోనే పెట్టావా?" అని అడిగింది. అవునన్నాను.

"ముప్ఫై ఏళ్ళ నౌకరీలో ఇలాంటి సాక్ష్యం చూడలేదు" అంది ఫెర్మీనా. "సమాధి తెరిచి ఆయన ఎముకలు చిన్న పెట్టెలోకి సర్దే రోజు ఎప్పుడు?"

"మన శ్మశానంలో ఎవరికైనా పాతిపెట్టి రెండేళ్ళు నిండాలి కదా. వచ్చే నెల."

"పన్నెండు లోపల కుదరదన్నమాట. సరే, ఉన్నదాన్నే సాగదీద్దాం."

ఇంటికి వచ్చాక లారీ ట్యూబు ముక్క నుంచి మూడు బిళ్ళలు కోసింది. ఒకదాని మీద ఒకటి పేర్చి, మూత లోపలి రబ్బరు కింద సన్న తీగతో కట్టింది. మళ్ళీ లిప్‌స్టిక్ పరీక్ష చేసింది. ఈసారి అంచు మీద ఎర్రటి వలయం ఎక్కడా తెగకుండా గుండ్రంగా పడింది. ఇంజిన్ పది నిమిషాలు ఉరికించింది. పై పైపు నొక్కి చూడమంటే నొక్కాను. బిగబట్టిన కండలా గట్టిగా ఉంది. గొట్టం కొస నుంచి చుక్క రాలేదు.

పదకొండూ నలభై అయిదు.

"అడ్డాలో నా వాళ్ళు ఎదురు చూస్తుంటారు" అంటూ యుదెల్కిస్ స్టీరింగ్ ముందు కూర్చుంది. "సగం కొండ మీద ఊట దగ్గర ఆగి చూసుకుంటాను. చుక్క తగ్గలేదంటే పద్రీనో మొహం ఎలా పెడతాడో చూడాలి! తిరిగొచ్చేదాకా ఆయన్ని పోనివ్వకండి."

"మెల్లగా వెళ్ళు! మలుపుల్లో..." అంటుండగానే వెళ్ళిపోయింది. పదకొండూ యాభై.

ఎలీహియో పన్నెండూ పదికి వచ్చాడు. అతని కారు మీద ముక్కాలి, గొలుసు. వాకిట్లో ఖాళీ బండ చూసి, ఒక కాలు బయట పెట్టి అలాగే ఆగిపోయాడు.

"బండేది?"

"కొండ మీద" అంది ఫెర్మీనా. కుర్చీలో వెనక్కి వాలి పల్లీలు తింటోంది. "నీ పగులు దొరికిందయ్యా. మూతలో ఉంది. రబ్బరు అందడం లేదు. మూడు ట్యూబు బిళ్ళలతో అతికించేశాను. ఇక ఆ పడవ ఇంజిన్ని పడవకే పెట్టుకో."

"అందడం లేదంటే... ఇప్పుడు అందుతోందా?"

"సీసాకు బిరడాలా."

"ఒత్తిడి నిలుస్తోందా, ఫెర్మీనా?"

"ఏడు పౌన్లు. కొత్త బండిలా."

ఎలీహియో మా గుమ్మం మీద కూర్చుండిపోయాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నావైపే చూశాడు.

"సెనైదా, పిల్ల పుట్టిన రోజు గుర్తుందా?"

అదేం ప్రశ్న! అప్పుడు మేము దోస్ కమీనోస్‌లో ఉండేవాళ్ళం. తెల్లారి నుంచి నొప్పులు. నెమేసియో నన్ను వెనక సీట్లో పడుకోబెట్టి కొండ మీదుగా ఆసుపత్రికి పరుగెత్తించాడు. పైన ఇంజిన్ కుతకుత ఉడికిపోయింది. ఊట నీళ్ళు టోపీతో తెచ్చి పోశాడు. పళ్ళెం పగిలినట్టు ఒక చప్పుడు వినిపించింది. నా లోపలే ఏదో తెగిందనుకుని కేకలు పెట్టాను. ఆసుపత్రి గడప దాటిన పావుగంటకు పిల్ల పుట్టింది.

"ఆ చప్పుడు నీది కాదు. ఇంజిన్‌ది" అన్నాడు ఎలీహియో. "ఎర్రగా కాగిన దిమ్మ మీద చల్లటి నీళ్ళు పడితే పగలక ఏం చేస్తుంది? ఆగితే నువ్వు దక్కవని అతనికి తెలుసు. పోశాడు. తర్వాత నేనూ అతనూ పగులు మీద ఇనప పలక పెట్టి, ఇరవై రెండు చిన్న మరలు బిగించాం. పొగ గొట్టం వెనక ఉంటుంది, పైన రంగు పూశాం. అది ఒత్తిడికి ఆగదు. అందుకే మూతలో స్ప్రింగు పీకేశాడు. రోజూ ఊట దగ్గర ఆగి సీసా నీళ్ళు పోసుకునేవాడు."

"ఊట దగ్గర నాకోసం తెల్ల అల్లం పూలు కోసుకొచ్చేవాడు" అన్నాను. "పూల కోసమే ఆగుతాడనుకున్నాను."

"పూలూ కోసేవాడు. అబద్ధమేం కాదు."

"మరి ఎనిమిది వారాలుగా నోరు మూసుకుని ఎందుకున్నావయ్యా?" ఫెర్మీనా లేచి నిలబడింది. పల్లీలు నేల మీద దొర్లాయి.

"తన పుట్టుకతోనే ఇంజిన్ పగిలిందని పిల్లకు ఎప్పుడూ తెలియకూడదని ఒట్టు పెట్టించుకున్నాడు. పగిలిందని చెప్పాను. ఎక్కడో చెప్పలేదు. అంతకంటే ఏం చెయ్యను? ఎవరికీ తెలియకుండా దాన్ని పీకి దాచేద్దామనుకున్నాను. ఇంతలో నువ్వు దిగావు, నీ లిప్‌స్టిక్కూ నువ్వూ!"

"ఒక్క ముక్క చెప్పి ఉంటే..."

"నువ్వు ఒక్క పూట ఆగి ఉంటే..."

"పలక ఊడితే ఏమవుతుంది? నీళ్ళు రోడ్డు మీద పోతాయి, ఇంజిన్ ఆగుతుంది. చేతి బ్రేకు ఉంది. ప్రాణానికేం కాదు."

"ఇరవై రెండు మరలూ ఒక్కసారి ఊడవు. ముందు ఒక పక్క కారుతుంది. నీళ్ళు తగ్గి, మిగిలినవి ఉడుకుతాయి..."

ఇద్దరూ ఆ పలక గురించే వాదించుకుంటున్నారు. నేను మాత్రం పలకను చూడటం లేదు. పిల్లనే చూస్తున్నాను. అలాంటి చూపు నాకు అలవాటే కదా.

"మూత తీస్తుంది" అన్నాను.

ఇద్దరూ నావైపు తిరిగారు.

"ఊట దగ్గర ఆగి మూత తీస్తుంది. ఒట్టి చేత్తో. కనిపించదని మొహం దగ్గర పెట్టి. ఎనిమిది వారాలుగా అలాగే తీస్తోంది, ఒక్కసారి కూడా బుస కొట్టలేదు. ఈ రోజు లోపలి ఒత్తిడి అంతా..."

ఫెర్మీనా మొహం బూడిద రంగుకు తిరిగింది. "ఇక వేడి మీద మూత తీయొద్దని నేను చెప్పలేదు" అంది. "అయ్యో, నేను చెప్పలేదు."

ఎలీహియో గడియారం చూశాడు. "బయల్దేరి ఇరవై తొమ్మిది నిమిషాలు. అడ్డాలో పది తీసేయి. ఊటకు ఇంకో పది, పన్నెండు. ఎక్కండి!"

ముక్కాలి దించడానికి కూడా ఆగలేదు. దాని కాళ్ళు పైన గడగడ కొట్టుకుంటుండగా అతని కారు కొండ దారి పట్టింది. మొదటి మలుపు. రెండోది. ముందు చెరుకు బండి ఒకటి రోడ్డు మధ్యన నత్తలా పోతోంది.

"హారన్ కొట్టవయ్యా!" ఫెర్మీనా అరిచింది.

"హారన్ లేదు. పోయి పదేళ్ళయింది."

"బ్రేకులున్నాయా?"

"ఉన్నాయి. కొన్ని."

నేను కాలి చెప్పు తీసి, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి తలుపు రేకును బాదాను. బండివాడు తిరిగి చూసి, తిడుతూ పక్కకు లాగాడు. మూడో మలుపు. నాలుగు. అయిదు.

ఆరో మలుపు తిరిగేసరికి ఊట కనిపించింది. ప్రియెతా పక్కన ఆగి ఉంది, బానెట్ పైకి లేపి ఉంది. పక్క నుంచి తెల్లటి ఆవిరి సన్నగా లేస్తోంది. ఏడుగురూ కిందికి దిగి నీడలో నిలబడ్డారు. నా పిల్ల మునివేళ్ళ మీద లేచి, ఇంజిన్ మీదికి వంగి ఉంది. ఒక చెయ్యి మూత మీద, మొహం దాని పైన.

"యుదీ!"

ఇంజిన్ మోతలో నా కేక కలిసిపోయింది. కారు ఆగక ముందే తలుపు తోసి దూకాను. మోకాళ్ళ మీద పడ్డాను. లేచి, చేతిలో ఉన్న చెప్పు దాని వైపు విసిరాను. అది వెళ్ళి ప్రియెతా అద్దానికి తగిలి, టప్పుమని బానెట్ అంచు మీద పడింది.

పిల్ల తల ఎత్తి నావైపు చూసింది. చెయ్యి మాత్రం ఇంకా మూత మీదే ఉంది. మూత సగం తిరిగి ఉంది.